సీలు ఏమి తింటుంది?

ఉత్తర కెనడాలో చలికాలం వచ్చిందంటే సముద్రం గడ్డకట్టి కనుచూపుమేర తెల్లని బయలుగా మారిపోతుంది. ఆ బయలు మీద ఒక వేటగాడు మంచులోని చిన్న రంధ్రం ముందు ఈటె పట్టుకొని, వంగి నిలబడి ఉన్నాడని ఊహించండి. కదలడు, మెదలడు. గంటలు గడచినా ఆ నిలుపు మారదు. ఆ రంధ్రాన్ని తొలిచినది మనిషి కాదు, నీటిలోని సీలు. ఊపిరి పీల్చుకొనడానికి అది తన ముందుకాళ్ల గోళ్లతో మంచును గీకి గీకి ఆ ద్వారాన్ని చలికాలమంతా తెరచి ఉంచుకొంటుంది. ఇన్యూట్ ప్రజలు తమ భాషలో దానిని అగ్లు అంటారు. తరతరాలుగా వారి కుటుంబాలకు ఆహారమూ, దీపానికి చమురూ, ఒంటికి ఉడుపూ, కాలికి జోడూ అందిన ద్వారం అదే. నెత్సిలిక్ అనే తెగ పేరుకే సీళ్లుండే చోటి ప్రజలు అని అర్థం.

సీలు మనిషికి ఆహారమైనది, బాగున్నది. మరి సీలుకు ఆహారమేది? నెలల తరబడి సూర్యుడు కనిపించని చీకటిలో, రెండు మీటర్ల మందపు మంచు కప్పు కింద, ఆ జంతువు ఏమి తిని ఒంటి నిండా కొవ్వు పట్టిస్తున్నది? ఈనాటి ప్రసంగానికి విషయం ఇదే. ఇది కేవలం కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. దీని జవాబు మీద వేటగాని ఇంటి పొయ్యి, ధ్రువపు ఎలుగుబంటి మనుగడ, చేపలు పట్టి జీవించే వేలాది కుటుంబాల వాదప్రతివాదాలు ఆధారపడి ఉన్నవి.

సీలు అనగానే చేపలు తినే ఒకే ఒక జంతువు మనకు స్ఫురిస్తుంది. కాని ఉత్తర ధ్రువ సముద్రాలలోను, వాటిని ఆనుకొన్న జలాలలోను మంచును ఆశ్రయించి బ్రతికే సీళ్లు ముఖ్యంగా ఆరు జాతులు. ఒంటి మీద ఉంగరాల వంటి మచ్చలున్నది వలయాల సీలు. దట్టమైన మీసాలున్నది గడ్డపు సీలు. వీపు మీద హార్ప్ అనే తంత్రీవాద్యం ఆకారంలో నల్లని గుర్తున్నది హార్ప్ సీలు. ముక్కు మీది తిత్తిని బుడగవలె ఊదుకొనేది ముసుగు సీలు. తెల్లని పట్టీలు చుట్టినట్లుండేది పట్టీల సీలు. చుక్కలున్నది చుక్కల సీలు. ఈ ఆరింటికీ ఆహారం ఒకటి కాదు. అంతేకాదు, ఒకే జాతి సీలు ఒక సముద్రంలో తినేది మరొక సముద్రంలో తినదు.

ముందుగా ఆ వంటశాలను చూతము. మంచు కింద వంట ఎలా సాగుతుందని మీరు అడుగవచ్చును. వసంతంలో వెలుతురు తిరిగి రాగానే మంచుగడ్డ అడుగుభాగాన సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. ఆ నాచును కోపెపాడ్లు అనే చిన్న జీవులు మేస్తవి. బియ్యపుగింజకన్న పెద్దవి కాని ఈ ప్రాణులు మేసినదంతా నూనెగా మార్చి ఒంటిలో దాచుకొంటవి. వాటిని తినేవి చిరురొయ్యల వంటి జీవులూ, ధ్రువపు కాడ్ అనే చేపా. జానెడు పొడవుండే ఈ చేప రక్తంలో గడ్డకట్టకుండా కాపాడే పదార్థం ఉన్నది. పిల్ల చేపలు మంచు పగుళ్లలోనే తలదాచుకొంటవి. ఈ ధ్రువపు కాడ్‌ను సీలు తింటుంది. సీలును ఎలుగుబంటి తింటుంది. ధ్రువ ప్రాంతపు జీవనమంతా ఈ చిన్న చేప నడుము మీద నిలిచి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

మంచు కింద జరిగే ఈ భోజనం సంగతి మనుష్యులకు ఎలా తెలిసింది? మొదటి గురువులు వేటగాళ్లే. 1768 నుండి 1773 వరకు గ్రీన్‌లాండ్‌లో మతబోధకుడుగా ఉన్న ఓటో ఫాబ్రిసియస్ అనే డేనిష్ పండితుడు అక్కడి ప్రజల మధ్య జీవించి, వారితోపాటు వేటకు వెళ్లి, ఆ దేశపు జంతువులను గూర్చి 1780లో లాటిన్ భాషలో గ్రంథం వ్రాశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు వేటగాళ్లు పట్టి తెచ్చిన సీళ్ల పొట్టలను కోసి చూడడం నేర్చుకొన్నారు. పొట్టలో చేప మాంసం త్వరగా జీర్ణమైపోతుంది. కాని చేప తలలో ఒక చిన్న రాయి ఉంటుంది. దానిని చెవిరాయి అనవచ్చును. ప్రతి జాతి చేపకు ఆ రాయి ఆకారం వేరు. రాయి పొడవును బట్టి చేప పొడవు కట్టవచ్చును. చెట్టు మానులోని వలయాలవలె దానిలోని వలయాలను లెక్కించి వయస్సు చెప్పవచ్చును. పిడికెడు చెవిరాళ్లు దొరికితే సీలు చేసిన భోజనానికి పద్దు దొరికినట్లే.

అయితే ఆ పద్దులో పొరపాట్లున్నవి. చిన్న చేపల రాళ్లు ఆమ్లంలో కరిగిపోతవి. మెత్తని ప్రాణులు ఆనవాలు లేకుండా పోతవి. స్క్విడ్ అనే జంతువు ముక్కు మాత్రం కరగక చాలా కాలం నిలిచి, దానినే ఎక్కువగా తిన్నదన్న భ్రమ కలిగిస్తుంది. అందుచేత ఇప్పుడు శాస్త్రజ్ఞులు సీలు కొవ్వునే పరీక్షిస్తున్నారు. తిన్నదాని నూనె తిన్నవారి ఒంటిలో చేరుతుంది గదా; ఆ నూనెల కూర్పును బట్టి గడచిన వారాల, నెలల ఆహారాన్ని ఊహిస్తారు. నత్రజనిలో బరువైన రకం ఒకటున్నది. నాచు నుండి కోపెపాడ్‌కు, దాని నుండి చేపకు, చేప నుండి సీలుకు మెట్టు మెట్టుకూ దాని పాలు పెరుగుతూ పోతుంది. సీలు మీసపు వెంట్రుకలో దానిని కొలిచి, ఆ సీలు ఏ మెట్టు మీద కూర్చుండి భోజనం చేసినదో చెబుతారు.

ఇక ఒక్కొక్క జాతిని పలకరించుదాం. వలయాల సీలు వీటిలో చిన్నది. సాధారణంగా యాభై నుండి డెబ్బయి కిలోల బరువుంటుంది. సంఖ్యలోనూ, విస్తృతిలోనూ పెద్దది. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం దీనికి తెలిసినంతగా మరి దేనికీ తెలియదు. స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర దీని ప్రధానాహారం ధ్రువపు కాడ్. అలాస్కాకు ఉత్తరాన చలికాలమంతా అదే చేప. వసంతానికి తీరం దగ్గర సాఫ్రన్ కాడ్ అనే మరొక చేప. వేసవి రాగానే క్రిల్, యాంఫిపాడ్ మొదలైన చిరురొయ్యల జాతి ప్రాణులు. దక్షిణాన హడ్సన్ అఖాతంలోనికి వస్తే, ఇసుకలో దూరి దాగుకొనే సన్నని ఇసుక చేపలదే పెద్ద పాలు. బాల్టిక్ సముద్రపు ఉత్తరపు కొసన బోథ్నియా సింధుశాఖలో హెర్రింగ్ చేపలు, ముళ్ల వీపు చిన్న చేపలు, అడుగున ప్రాకే పురుగు వంటి ఒక ప్రాణి. మంచుయుగం ముగిసి భూమి పైకి లేచినప్పుడు ఫిన్లాండ్‌లో సాయిమా సరస్సులో కొన్ని సీళ్లు చిక్కుబడిపోయినవి. వాటి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. కొన్ని వందలు మాత్రమే. ఉప్పునీటి రుచి ఎరుగని ఆ సీళ్లు మంచినీటి చేపలైన వెండేస్, పెర్చ్, రోచ్ తిని బ్రతుకుతున్నవి. మూలం ఒకటే, విస్తళ్లు వేరు.

గడ్డపు సీలు కథ వేరు. ఇది మూడు వందల కిలోల దాకా తూగే భారీ జంతువు. దీని భోజనం సముద్రపు నేల మీద. ముఖాన రెండు వందలకు పైగా గట్టి మీసాలుంటవి. వాటి మొదళ్లలో నరాలు కిక్కిరిసి ఉంటవి. చీకటిలో బురదను ఈ మీసాలతో తడిమి, దాగిన ప్రాణిని కనిపెడుతుంది. పెదవులు బిగించి నీటిని పిచికారీ వలె చిమ్మి బురదను చెదరగొడుతుంది. వెంటనే గుటుక్కున పీల్చివేస్తుంది. పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు, నత్తగుల్లలు, నేలను అంటుకొని ఉండే చేపలు దీని భోజనంలోని అంశాలు. నేలబోజనం గనుక లోతు తక్కువైన సముద్రాలే దీనికి అనుకూలం. బేరింగ్, చుక్చీ సముద్రాల నేల విశాలమైనది, లోతు లేనిది. అక్కడ ఆల్చిప్పలు, పీతలు, రొయ్యలు పుష్కలం. స్వాల్‌బార్డ్ దగ్గర పీతలు, రొయ్యలు, నత్తగుల్లలతో పాటు ధ్రువపు కాడ్ కూడా చేరుతుంది. కనుక, అడుగున మేసే సీలు అన్నంత మాత్రాన పైన ఈదే చేపను వదలుకొంటుందని అనుకొనరాదు.

హార్ప్ సీలు బాటసారి. వీటికి మూడు కానుపు తావులున్నవి: రష్యాకు ఉత్తరాన శ్వేత సముద్రం, గ్రీన్‌లాండ్ సముద్రం, కెనడా తూర్పు తీరం. చలికాలపు చివర ఈ తావులలో మంచు మీద పిల్లలను కని, వేసవికి ఉత్తరానికి సాగిపోతవి. వీటికి మహా ప్రీతి కాపెలిన్ అనే వెండి రంగు చిన్న చేప మీద. న్యూఫౌండ్‌లాండ్‌లో కూడా తీరం దగ్గర పట్టిన సీళ్ల పొట్టలలో ధ్రువపు కాడ్, హెర్రింగ్ కనిపించగా, దూరపు సముద్రంలో పట్టిన వాటి పొట్టలలో కాపెలిన్, ఇసుక చేపలు కనిపించినవి. ఒడ్డున పట్టిన సీలును చూచి సముద్రమంతటికీ తీర్పు చెప్పరాదని దీని నీతి.

ఆ తీర్పుల వెనుక మనుష్యుల బ్రతుకులున్నవి. 1980 తరువాతి దశకం నడుమ బారెంట్స్ సముద్రంలో కాపెలిన్ ఒక్కసారిగా తరిగిపోయింది. ఆకలిగొన్న హార్ప్ సీళ్లు 1986 నుండి 1988 వరకు చలికాలాలలో గుంపులు గుంపులుగా నార్వే తీరానికి దిగివచ్చినవి. అక్కడ దొరికిన కాడ్ జాతి చేపలను తిన్నవి. జాలరుల వలలలో చిక్కుకొని వేలకు వేలు మునిగి చచ్చినవి. వలలు పాడై, చేపలు దక్కక జాలరులు నష్టపోయినారు. సీళ్లు తమ ప్రాణాలే పోగొట్టుకొన్నవి. ఒక చిన్న చేప మాయమైతే ఇంతమంది ఇక్కట్ల పాలైనారు.

కెనడాలో మరొక వివాదం. న్యూఫౌండ్‌లాండ్ తీరాన శతాబ్దాల పాటు సాగిన కాడ్ చేపల వేటను, చేపలు అడుగంటిపోగా, 1992 జూలైలో ప్రభుత్వం నిలిపివేసింది. వేలాదిమందికి పని పోయినది. నిషేధం పెట్టినా ఏళ్ల తరబడి చేపలు కోలుకొనలేదు. దీనికి కారణం సీళ్లేనని చాలామంది జాలరులు నమ్మినారు. నష్టపోయినవాని బాధను మనం తేలికగా చూడరాదు. కాని లెక్కలు వేసి చూచిన శాస్త్రజ్ఞులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఆ ఉత్తరపు కాడ్ ఎగుడుదిగుడులకు ప్రధాన కారణాలు మనిషి వేట, కాపెలిన్ లభ్యత అనీ, హార్ప్ సీళ్లు కావనీ తేల్చినారు. అయితే కొంచెం దక్షిణాన సెయింట్ లారెన్స్ సింధుశాఖలో బూడిద రంగు సీళ్లనే వేరొక జాతి కాడ్ చేపలకు నిజంగానే పెద్ద బెడద అని పరిశోధనలు చూపినవి. ఒక చోటి నిర్దోషిని, మరొక చోటి దోషిని ఒకే పేరుతో పిలిచి విచారించితే న్యాయం జరుగదు. ఉత్తరపు కాడ్ మీద నిషేధం 2024లో తొలగించినారు. అనుమతించిన వేట పరిమాణం మాత్రం స్వల్పమే.

ముసుగు సీలు లోతుల వేటగాడు. వెయ్యి మీటర్లకు మించిన లోతుకు కూడా మునుగగలదు. గ్రీన్‌లాండ్ సముద్రంలో దీని ఆహారంలో ఒక జాతి స్క్విడ్, ధ్రువపు కాడ్ ముఖ్యమైనవి. ఆ స్క్విడ్‌కు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో మనం ఇందాక చెప్పుకొన్న ఫాబ్రిసియస్ పేరు నిలిచి ఉన్నది. కెనడా వైపు గ్రీన్‌లాండ్ హాలిబట్ అనే బల్లపరుపు చేప, ఎర్ర చేప కూడా చేరుతవి. పసిఫిక్ వైపున పట్టీల సీలుకు ఓఖోట్స్క్ సముద్రంలో పొల్లాక్ చేప ముఖ్యం. బేరింగ్ సముద్రంలో ఉత్తరానికి పోయిన కొలదీ ధ్రువపు కాడ్ పాలు హెచ్చుతుంది. చుక్కల సీలు హెర్రింగ్, కాపెలిన్, పొల్లాక్ తింటూ, వేసవిలో నదీముఖాల వద్ద సాల్మన్ చేపలకు కూడా కాచుకొని ఉంటుంది.

తావును బట్టి మాత్రమే కాదు, ఈడును బట్టి కూడా ఆహారం మారుతుంది. ముసుగు సీలు పిల్ల తల్లిపాలు త్రాగేది నాలుగు రోజులే. క్షీరజంతువులలో ఇంత త్వరగా పాలు మాన్పించే తల్లి మరొకటి లేదు. కాని ఆ పాలలో సగానికి మించి కొవ్వే గనుక, ఆ నాలుగు రోజులలోనే పిల్ల బరువు దాదాపు రెట్టింపవుతుంది. హార్ప్ సీలు పిల్లకు పన్నెండు రోజులు. తరువాత తల్లి వెళ్లిపోతుంది. మంచు మీద ఒంటరిగా మిగిలిన పిల్ల, వారాల తరబడి ఒంటి కొవ్వు కరిగించుకొంటూ ఉపవాసముండి, చివరకు ఆకలి తాళలేక నీటిలో దిగుతుంది. దానికి ఎవరూ వేట నేర్పరు. మొదట చేతికందేవి పైపైన తేలే చిరురొయ్యలే. చేపను పట్టే నేర్పు తరువాత వస్తుంది. పెద్ద సీళ్లు కూడా వెంట్రుకలు రాల్చే కాలంలో మంచు మీద పడి ఉండి తిండి బాగా తగ్గిస్తవి. అప్పటికి కొవ్వు నిలువ చేసికొనని సీలు గతి అధోగతి.

ఆ నిలువ తప్పిన సంవత్సరం ఎట్లుంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1974, 75 సంవత్సరాలలో తూర్పు బ్యూఫోర్ట్ సముద్రంలో మంచు అతిగా పేరుకొని పోయినది. వలయాల సీళ్లు తగ్గిపోయినవి. పిల్లలు మరీ తగ్గినవి. ఆ వెంటనే వాటినే నమ్ముకొన్న ఎలుగుబంట్లూ తగ్గినవి. మంచు మితిమీరినా కష్టమే.

ఇప్పుడు కష్టం రెండవ వైపు నుండి వస్తున్నది. సముద్రాలు వేడెక్కుతున్నవి, మంచు తరుగుతున్నది. హడ్సన్ అఖాతపు ఉత్తర భాగాన కోట్స్ దీవిలో సముద్రపక్షులు పిల్లలకు తెచ్చే చేపలను ఏళ్ల తరబడి లెక్కించినవారు, 1980 తరువాత రెండు దశాబ్దాలలో ధ్రువపు కాడ్ తగ్గి, దక్షిణపు చేపలైన కాపెలిన్, ఇసుక చేపలు హెచ్చడం గమనించినారు. బాఫిన్ దీవిలో కంబర్లాండ్ జలసంధి ప్రాంతపు వలయాల సీళ్ల ఆహారంలో కూడా కాపెలిన్ పాలు పెరిగింది. స్వాల్‌బార్డ్ పడమటి తీరాన 2006 నుండి సముద్రపు మంచు బాగా క్షీణించింది. అట్లాంటిక్ జలాలు, వాటితో దక్షిణపు చేపలు లోనికి చొచ్చుకొని వచ్చినవి. అయినా అక్కడి వలయాల సీళ్లు ధ్రువపు కాడ్‌నే వెదకుకొంటూ, హిమానీనదాలు సముద్రంలో కలిసే చోటులను అంటిపెట్టుకొని ఉన్నవి. హిమానీనదం కరిగి అడుగున వెలువడే మంచినీరు పైకి లేస్తూ తనతో ఆహారాన్ని తెస్తుంది. ఆ చల్లని మూలలో పాత చేప ఇంకా దొరుకుతుంది. ఈ తీరాననే, కాంగ్స్‌ఫియోర్డ్ ఒడ్డున, 2008లో మన దేశం హిమాద్రి అనే పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పినది. మన శాస్త్రజ్ఞుల కిటికీ ముందరనే ఈ మార్పు జరుగుతున్నదన్నమాట.

ఏ తావుకు తగిన తిండి ఆ తావున తినగల సీలుకు భయమేమున్నది అని మీకు తోచవచ్చును. కొంత నిజమే. కాని విస్తరి మార్చుకొనడం వేరు, ఇల్లు పోగొట్టుకొనడం వేరు. చేప మారితే సీలు నోరు మార్చుకొనగలదు. పిల్లను కనడానికి మంచు లేకుంటే ఏమి మార్చుకొనగలదు? అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2025లో ముసుగు సీలును అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చింది. హార్ప్ సీలు, గడ్డపు సీలు ప్రమాదానికి చేరువవుతున్నవని ప్రకటించింది.

మళ్లీ ఆ రంధ్రం దగ్గరకు పోదాం. అలాస్కాలోను, కెనడాలోను వేటగాళ్లు తాము పట్టిన సీలు మాంసం ఇంటికి తీసికొనిపోయి, దాని పొట్టను శాస్త్రజ్ఞులకు అప్పగించే ఏర్పాట్లు దశాబ్దాలుగా ఉన్నవి. మనం ఇంతవరకు చెప్పుకొన్నదానిలో చాలా భాగం ఆ చేతుల మీదుగా వచ్చినదే. వేటగాడు తన పిల్లల భోజనం కొరకు నిలబడినాడు. సీలు తన భోజనం కొరకు మునిగినది. ఆ రెండింటి నడుమ దొరికిన నాలుగు చెవిరాళ్లను ఎవరో ఒకరు దీపం ముందు పెట్టుకొని ఓపికగా లెక్కించినారు. అందుచేతనే ఆ చీకటి నీటిలో ఏ విస్తట్లో ఏమున్నదో నేడు మనకు తెలిసింది; ఏ విస్తరి ఖాళీ అవుతున్నదో కూడా తెలుస్తున్నది.